‘నువ్వు’ అనుటకు అనుమతి

జనవరి 8

పెళ్లికి ముందు ఆరేళ్లపాటు “ఒరేయ్” అని పిలిచిన మనిషికి, పెళ్లయిన మర్నాడు పొద్దున్నే టీ కప్పు చేతికిస్తూ “తీసుకోండి” అనమని నాకు చెప్పిందెవరు?

పంతొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. ఎక్కువగా బస్సులో వస్తుంది. నా స్టాపు రాగానే నేను దిగిపోతాను, అది డిపోదాకా వెళ్లిపోతుంది.

ఇవాళ ఎందుకొచ్చిందో తెలియదు. నేను రాసిన నాటకానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అది వేరే దంపతుల కథ. వాళ్లకి పెళ్లయి ముప్పై ఏళ్లు. మాకు పంతొమ్మిదే.

నాటకం ఖాయమైంది. వచ్చే నెల ఇరవయ్యో తేదీన మా నీటి సరఫరా ఆఫీసు వార్షికోత్సవం. ప్రతి ఏడూ ఉపన్యాసాలూ, కుర్చీలాటా. ఈసారి నాటకం వేద్దామని నేనే అన్నాను. పద్నాలుగేళ్లుగా ఫిర్యాదుల విభాగంలో కూర్చుని “తమ ఉత్తరం అందినది, తగు చర్య తీసుకొనబడును” అని రాస్తున్నాను. ఇంకో వాక్యం రాయగలనో లేదో చూసుకోవాలనిపించింది. ముప్పై రెండు పేజీలు వచ్చింది. పెద్దసారు చివరి పేజీ కింద “చూశాను” అని సంతకం పెట్టారు. చదివారో లేదో రాయలేదు.

జనవరి 11

పాత్రలు పంచాను. పంచాను అనడం గొప్పే.

భార్య పాత్ర రసీదులమ్మకి. బిల్లుల కౌంటర్లో రసీదులు కొట్టే ఆవిడని ఆఫీసంతా అలాగే పిలుస్తుంది, ఆవిడా పలుకుతుంది. ఆవిడ “లైన్లో రండి” అంటే ఎదురుగా ఉన్న లైనుతోపాటు పక్క కౌంటరు లైనూ, బయట సైకిళ్లూ కూడా సర్దుకుంటాయి. నాకు కావలసింది ఆ గొంతే.

భర్త పాత్రకి డ్రాయింగు సెక్షన్లో ఒకాయన్ని అనుకున్నాను. ఆయన ఐదు నిమిషాలు ఆలస్యం చేశాడు. ఈలోగా పెద్దసారు “ఏం జరుగుతోందమ్మా ఇక్కడ?” అంటూ క్యాంటీన్లోకి వచ్చి, భర్త కోసం వేసిన కుర్చీలో కూర్చుని, బల్లమీది కాగితాలు అందుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివేశారు. “ఏమేవ్, టీ ఏదీ?” డ్రాయింగాయన గుమ్మంలోనే ఆగి, లోపలికి ఓ చూపు చూసి, వచ్చిన చప్పుడు లేకుండానే వెళ్లిపోయాడు.

దర్శకురాలిగా నా మొదటి మాట: “చాలా సహజంగా ఉంది సార్.”

నేర్చుకున్నది: నటులు వచ్చేదాకా కుర్చీ వేయకూడదు.

పక్కన నిలబడి, మరిచిపోయిన మాటలు అందించే పని మీటరు బాబాయిది. రిటైరైన మీటరు రీడరు. ఇంట్లో తోచక రోజూ ఆఫీసుకే వస్తాడు. ఆయన గుసగుస బస్టాపుదాకా వినిపిస్తుంది.

జనవరి 12

ఆఖరి పేజీకి వచ్చాం. అక్కడే ఆగాం.

ముప్పై ఏళ్లు మొగుణ్ణి “మీరు” అన్న భార్య, ఆఖరి పేజీలో టీ కప్పు బల్లమీద పెట్టేసి, మొదటిసారి “నువ్వు” అంటుంది. “ముప్పై ఏళ్లలో నాకేం కావాలో ఒక్కసారైనా నువ్వు అడిగావా?” నాటకమంటే అంతే. మిగతా ముప్పై ఒక్క పేజీలూ ఆ మాట దగ్గరికి నడిచి రావడానికి రాసినవి. లెక్కపెట్టాను కూడా. నూట పద్దెనిమిది ‘మీరు’లు, ఒక్క ‘నువ్వు’.

రసీదులమ్మ కప్పు పెట్టింది. పెద్దసారు వైపు తిరిగింది. “ముప్పై ఏళ్లలో నాకేం కావాలో ఒక్కసారైనా మీరు అడిగారా?”

“నువ్వు,” అన్నాను.

“నేనా మేడమ్?”

“కాదు కాదు. ‘నువ్వు అడిగావా’ అనాలి.”

“అదే మేడమ్. మీరు అడిగారా.”

“పేజీలో ఏముందో చూడండి.”

చూసింది. వేలు పెట్టి చదువుకుంది. తలెత్తింది. “మీరు అడిగారా?”

ఆరుసార్లు. ఆరోసారికి పెద్దసారు పేపరు దించి “ఏమిటి సమస్య?” అన్నారు. రసీదులమ్మ చటుక్కున ఒద్దికగా సర్దుకు నిలబడింది. ఆవిడతోపాటు నా పాత్ర కూడా సర్దుకు నిలబడి చేతులు కట్టుకుంది.

జనవరి 16

ఇవాళ “నువ్వండీ” అంది.

జనవరి 18

ఒక ఉపాయం చేశాను. పెద్దసార్ని బయట కూర్చోమని, ఖాళీ కుర్చీతో ఆడించాను. అబ్బ! రసీదులమ్మ ఆ కుర్చీని అడిగిన తీరుకి మీటరు బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. నాకే ఆ కుర్చీ తరఫున సమాధానం చెప్పాలనిపించింది. పెద్దసారు వచ్చి అందులో కూర్చోగానే మళ్లీ “మీరు”.

బిల్లు కట్టని మనిషనుకోండి అన్నాను.

“వాళ్లని కూడా ‘మీరు’ అనాలని నిరుడు సర్క్యులరు వచ్చింది కదా మేడమ్. మీరే టైపు చేశారు.”

అప్పుడు ఆవిడ అడిగింది: “పోనీ మీరోసారి అని చూపించండి మేడమ్. అలాగే అనేస్తా.”

న్యాయమైన మాటే. వెళ్లి పెద్దసారు ముందు నిలబడ్డాను. కప్పు పెట్టాను. ఆయన నన్ను చూశారు. నేను ఆయన కళ్లజోడు చూశాను.

గొంతు పట్టేసింది. మధ్యాహ్నం నుంచీ మంచినీళ్లు తాగలేదు.

జనవరి 19

ఇవాళ కూడా గొంతే.

అత్తయ్య గ్లాసులో ఉప్పునీళ్లు తెచ్చిచ్చారు. పుక్కిలించాను. గొంతుకేమీ లేదని నాకు తెలుసు. అయినా పుక్కిలించాను.

జనవరి 22

బస్సులో కాలేజీ నాటకం గుర్తొచ్చింది. అప్పటి వార్షికోత్సవంలో నాది ముసలి జడ్జి వేషం. తీర్పు చదువుతుండగా గడ్డం ఊడి నోట్లోకి వచ్చింది. అది నములుతూనే తీర్పు చెబుతున్నాను, ముద్దాయిని ఉరి తీస్తున్నానో విడుదల చేస్తున్నానో ఎవరికీ అర్థం కావడం లేదు. ఉన్నట్టుండి తెర పడింది. తాడు దగ్గర నిలబడ్డవాడి మీదికి వెళ్లాను.

“ఒరేయ్, తెర ఎందుకు వేశావురా? ఇంకా ఒక పేజీ ఉంది!”

“గడ్డం మింగేస్తున్నావు. అంబులెన్సు పిలవనా, తెర వేయనా అని ఆలోచించి తెర వేశా.”

ఆయనే మా ఆయన. ఇప్పుడు కళ్లజోళ్ల దుకాణం.

ఆ నాటకం నుంచి నేర్చుకున్నది: నటికి తను ఎంత బాగా చేస్తోందో తెలియదు. ఎంత ఘోరంగా చేస్తోందో కూడా తెలియదు. అప్పుడు నేను చాలా బాగా చేస్తున్నాననే అనుకున్నాను. ఇప్పుడు దర్శకత్వం గురించి ఏమీ అనుకోవడం లేదు, అదొక్కటే ధైర్యం.

జనవరి 25

రసీదులమ్మ ఇంట్లో బాగా ఆలోచించుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది. కప్పు పెట్టి, నిటారుగా నిలబడి అంది:

“గత ముప్పై సంవత్సరాలలో నాకేం కావాలో ఒక్కసారైనా అడగడం జరిగిందా?”

“చూశారా మేడమ్? ‘నువ్వు’ లేదు, ‘మీరు’ లేదు. ఎవరికీ ఇబ్బంది లేదు!”

పెద్దసారు సాలోచనగా తలాడించి, “జరగలేదు,” అన్నారు. “పరిశీలించి తగు చర్య తీసుకోవచ్చు.”

నేను బయటికి వెళ్లి మంచినీళ్ల కూజా దగ్గర కాసేపు నిలబడి వచ్చాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను.

జనవరి 27

రిహార్సలు అయ్యాక రసీదులమ్మా నేనూ కప్పులు కడుగుతున్నాం.

“మేడమ్, కోపం తెచ్చుకోకపోతే ఒకటడుగుతా. ‘మీరు’ అనే అంటే ఏమవుతుంది? అర్థం అదే కదా?”

“అర్థం అదే కాదు.”

“మా ఆయన్ని నేను మొదట్నుంచీ నువ్వే అంటా. కోపమొస్తే ‘ఏరా’ అని కూడా అంటా. ఆయన కూడా ‘ఏమిటే’ అంటాడు. అందులో గొప్పేముంది? దాని కోసం ముప్పై పేజీలు రాసేంత గొప్పగా మీకెందుకనిపించింది?”

“పాత్ర స్వభావం అలాంటిది,” అన్నాను.

“ఓహో. ఎవరి పాత్ర?”

కప్పు చెయ్యి జారింది. పగల్లేదు, చెవి మాత్రం ఊడింది. దాని గురించి మాట్లాడుకున్నాం.

జనవరి 29

పెద్దసారు మంచి మనిషి. ఆ సంగతి ముందు రాసి పెట్టుకోవాలి. సమస్య ఉందని తెలిసింది గనక, తనకి తెలిసిన పద్ధతిలో పరిష్కరించారు. మధ్యాహ్నం అన్ని సెక్షన్లకీ కాగితం వచ్చింది:

“విషయం: వార్షికోత్సవ నాటకం, సంబోధన గురించి. పై విషయమై తెలియజేయునది ఏమనగా, నాటక ప్రయోజనార్థం క్రింద సంతకం చేసిన అధికారిని సిబ్బంది ‘నువ్వు’ అనుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. ఈ ఉత్తర్వులు తక్షణమే అమలులోకి వచ్చును.”

రసీదులమ్మ దాన్ని రెండుసార్లు చదివి, మడతపెట్టి, కౌంటరు అద్దం కింద పెట్టుకుంది.

“ఇప్పుడు ధైర్యంగా అంటారా?” అన్నాను.

“కాగితం వచ్చింది మేడమ్. నోరు కూడా రావాలి కదా.”

జనవరి 30

పొద్దున్న గేటు దగ్గర వాచ్‌మన్, పెద్దసారు కారు తలుపు తీసి, “నువ్వు లోపలికెళ్లు సారూ, బండి నేను చూసుకుంటా,” అన్నాడట. పెద్దసారు బిగుసుకుపోయారట. వాచ్‌మన్ జేబులోంచి కాగితం తీసి చూపించాడట. “‘సిబ్బంది’ అని ఉంది సారూ. నేనూ సిబ్బందే కదా? పైగా ‘తక్షణమే’ అని నువ్వే రాశావు.”

పదకొండింటికి డ్రాయింగు సెక్షను నుంచి ఫైలు మీద నోటు: “నువ్వు కోరిన వివరాలు జతపరచడమైనది.”

చేజారిన పాత్రకి డ్రాయింగాయన ఇలా కసి తీర్చుకున్నట్టున్నాడు.

ఆఫీసులో అందరికీ నోరొచ్చింది. రావలసిన ఒక్కావిడకి తప్ప.

ఫిబ్రవరి 1

సవరణ ఉత్తర్వు. “‘సిబ్బంది’ అనుచోట ‘భార్య పాత్రధారిణి’ అనియు, ‘తక్షణమే’ అనుచోట ‘ముప్పై రెండవ పేజీలో’ అనియు చదువుకొనవలెను.”

ఫిబ్రవరి 4

దర్శకురాలు చేసి చూపించలేనిది నటి ఎలా చేస్తుంది? కనీసం నాకైనా రావాలి కదా అని వంటింట్లో సాధన చేస్తున్నాను. ఎదురుగా ఫ్రిజ్జు. పెద్దసారు ఎత్తే ఉంటుంది, అంత గంభీరంగానూ ఉంటుంది. “ఒక్కసారైనా నువ్వు అడిగావా?” అన్నాను. బాగానే వచ్చింది. ఇంకాస్త గట్టిగా అన్నాను.

గుమ్మంలో మా ఆయన. చేతిలో ఎవరిదో విరిగిన కళ్లజోడు.

“నన్నా?”

“అబ్బే, మిమ్మల్ని కాదండీ. ఫ్రిజ్జుని.”

“ఓ.” ఫ్రిజ్జు వైపు చూశారు. అసూయగా చూశారని రాయబోయాను. అలా రాయకూడదు, నేను కల్పించుకుంటున్నాను. మామూలుగానే చూశారు.

హాల్లోంచి మా అమ్మాయి: “అమ్మా, ఈ ఇంట్లో నాన్నని ‘మీరు’ అనేది నువ్వూ, పొద్దున పేపరు వేసే ఆయనా. అంతే, తెలుసా?”

“చదువుకో.”

“చదువుకుంటూనే గమనించా.”

పరీక్షల ముందు పిల్లలు ఏవేవో గమనిస్తారు.

ఫిబ్రవరి 9

పెద్దసారుకి మాటలు రావు. రావు అంటే కంఠతా రావు. “ఇరవై తొమ్మిదేళ్లుగా చూసే చదివానమ్మా, ఇప్పుడు చూడకుండా అంటే ఎలా?” అన్నారు. భర్త నాటకమంతా పేపరు చదువుతూనే ఉంటాడు గనక ఆయన మాటలన్నీ ఆ పేపరు లోపలే అంటించాం. ఇది మా అత్తయ్య ఆలోచన. పెళ్లికూతుళ్ల దుస్తులు కుట్టడం నేర్పే టీచరుగా చేసి రిటైరయ్యారు. దుస్తులు కుట్టడానికి వచ్చి, దర్శకత్వం కూడా చూసుకుంటున్నారు.

మీటరు బాబాయితో మాత్రం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నిన్న ఆయన గుసగుసగా “ఇప్పుడు ఏడవాలమ్మా” అంటే, రసీదులమ్మ మొగుడి వైపు తిరిగి “ఇప్పుడు ఏడవాలమ్మా” అంది.

“బాబాయ్, నేను చెయ్యెత్తితేనే మీరు నోరు విప్పాలి.”

“ఎత్తకపోతే?”

“ఎత్తకపోతే వద్దని.”

“నువ్వు మర్చిపోతే?”

“నేనెలా మర్చిపోతాను బాబాయ్, నేను డైరెక్టర్ని.”

ఫిబ్రవరి 13

ఇవాళ “ను” వరకు వచ్చింది.

ఫిబ్రవరి 18

ఎల్లుండే నాటకం. బస్సులో నిర్ణయించుకున్నాను. నా ఒక్క మాట కోసం ఒక మనిషిని నెలన్నరగా హింసపెడుతున్నాను. ఆవిడ రోజూ ఆయన కిందే పనిచేయాలి, నాటకం కింద కాదు. మధ్యాహ్నం కౌంటరు దగ్గరికి వెళ్లి చెప్పాను: “‘మీరు’ అనే అనేయండి. పర్లేదు.”

సంతోషిస్తుందనుకున్నాను. రసీదు యంత్రం ఆపేసింది. వెనక లైన్లో ఎనిమిది మంది.

“అంటే నాకు చేతకాదనేగా మేడమ్?”

“అది కాదు...”

“మా ఆయనా పిల్లలూ వస్తున్నారు. ఊళ్లో అందరికీ చెప్పుకున్నా. ఆఖర్లో ఒక మాట అంటా, హాలంతా ఊగిపోతుందని. ఇప్పుడు మాట తీసేస్తే నేను ఊపేదేంటి?”

“తీసేయలేదు. మీ ఇష్టం అంటున్నాను.”

“ఇష్టం మీది. మీరు రాశారు. అందులో ఏముందో మీకే తెలుసు, ఆ మాట మీరే పట్టుకోవాలి కదా. వదిలేస్తే ఎలా?” అని యంత్రం మళ్లీ మొదలుపెట్టి, “తర్వాతెవరు, రండి!” అంది.

నిర్ణయం వెనక్కి తీసుకున్నాను. తీసుకున్నానో లేదో ఆవిడకి చెప్పలేదు. నాకూ సరిగ్గా తెలియదు.

ఫిబ్రవరి 21, ఆదివారం పొద్దున

నిన్నటిది వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేను ఇంకోలా చెప్పుకుంటాను.

సాయంత్రం నాలుగింటికి మొదలు. క్యాంటీన్ నిండిపోయింది. మా ఆయన, అత్తయ్య, అమ్మాయి నాలుగో వరసలో. రసీదులమ్మ కుటుంబం మొదటి వరసంతా ఆక్రమించింది. ముప్పై పేజీలు చక్కగా నడిచాయి. తలుపు తెరుచుకోవలసిన వైపే తెరుచుకుంది. నాకు గర్వం కూడా వచ్చింది, ఒక ఇరవై నిమిషాలు.

ఆఖరి రంగానికి ముందు విరామం. ఆ విరామంలో క్యాంటీన్ మేస్త్రి, పాపం, బల్ల తుడిచి, నలిగిపోయి జిగురు అంటుకున్న పేపరు తీసేసి, పెద్దసారంటే గౌరవం కొద్దీ ఆ రోజు పేపరు, మడత కూడా విప్పనిది, పెట్టాడు.

రంగం మొదలైంది. పెద్దసారు పేపరు విప్పారు. పేపరు వెనకాల ఆయన చెవులు ఎర్రబడటం నేను నిలబడ్డ చోటికి కనిపించింది.

రసీదులమ్మ టీ తెచ్చింది. “టీ అండీ.”

ఆయన “పంచదార తక్కువైంది” అనాలి. ఏమీ అనలేదు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. ఆఖరికి, ఉన్నదే చదివారు.

“రేపు ఆకాశం పాక్షికంగా మేఘావృతమై ఉండును.”

రసీదులమ్మ కప్పు పట్టుకునే పైకి చూసింది. “అయితే బట్టలు లోపలే ఆరేస్తానండీ.”

“అక్కడక్కడా చెదురుమదురు జల్లులు కురియవచ్చును.”

“కురవనివ్వండి. గొడుగు తీసిపెట్టాను.”

జనం నవ్వుతున్నారు, మంచి నవ్వే. నాటకమనుకుంటున్నారు. ఆయన ఇంకో పేజీ తిప్పారు. అక్కడ అన్నీ బొమ్మలే ఉన్నట్టున్నాయి. లేచి నిలబడ్డారు. పేపరు చేతిలోంచి జారిపోయింది. ఇరవై తొమ్మిదేళ్లుగా చేతిలో కాగితం లేకుండా నలుగురి ముందూ నిలబడని మనిషి. చేతులు వణుకుతున్నాయి. కళ్లజోడు జారింది. ఆవిడ వైపు తిరిగి, పాత్రా లేదు ఏమీ లేదు, దారి తప్పిన మనిషి అడిగినట్టు, చిన్న గొంతుతో అడిగారు:

“ఇప్పుడు నేనేం అనాలండీ?”

హాలంతా వినిపించింది. ఆఫీసులో ఎవరినీ ఆయన “అండీ” అనడం నేను వినలేదు.

నేను చెయ్యెత్తాలి. మీటరు బాబాయి నా చెయ్యి వైపే చూస్తున్నాడు, నోరు సగం తెరిచి, పేజీ మీద వేలు పెట్టుకుని. నాకు చెయ్యి ఉన్న సంగతే గుర్తు లేదు.

రసీదులమ్మ టీ కప్పు బల్లమీద పెట్టింది. ఆయన్ని చూసింది. ఆయన జబ్బ పట్టుకుంది.

“నువ్వేం అనక్కర్లేదు,” అంది. “కూర్చో. టీ తాగు.”

ఆయన కూర్చున్నారు. ఆవిడ పక్క కుర్చీ లాక్కుని, నాటకంలో ఎక్కడా కూర్చోని భార్య, కూర్చుంది. రెండో కప్పు తీసుకుని తను తాగింది. ఇద్దరూ టీ తాగారు. అంతసేపూ ఎవరూ దగ్గలేదు. బాబాయి మాటలు అందించాల్సింది పోయి ముక్కు చీదుకుంటూ లైటు ఆర్పేశాడు.

తర్వాత చప్పట్లు. హాలు ఊగిందో లేదో గానీ, రసీదులమ్మ మొగుడు కుర్చీ ఎక్కి “అది మా ఆవిడ!” అని అరిచాడు.

“ముప్పై ఏళ్లలో నాకేం కావాలో ఒక్కసారైనా” అనే నా వాక్యం, నెలన్నర హింసపెట్టిన వాక్యం, ఎవరూ అనలేదు. ఎవరికీ అది లేని సంగతే తెలియదు.

ఉత్తమ దర్శకురాలినని నాకో గోడ గడియారం ఇచ్చారు. తీసుకున్నాను. ఏం చేసినందుకో చెప్పమంటే, చెయ్యెత్తనందుకు అని చెప్పాలి.

ఇంటికొచ్చాక అత్తయ్య చెప్పులు విప్పుతూ అన్నారు: “బాగుందమ్మాయ్. ఆవిడకి కోపం తగ్గి ‘నువ్వు’ అంది చూడు, అప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది.”

“కోపమేంటత్తయ్యా? ముందంతా గౌరవంగా కదా ‘మీరు’ అంది?”

“గౌరవమా? నేను కోపమనుకున్నా.” ఆగి, నన్ను పరీక్షగా చూశారు. “పెళ్లయిన మర్నాడు నువ్వు వాణ్ణి ‘మీరు’ అనడం మొదలుపెడితే, అయ్యో, అప్పుడే పోట్లాడుకున్నారేమో అనుకున్నా. మీ మధ్యలో నేనెందుకులే అని ఊరుకున్నా. ఇంకా రాజీ పడలేదేంటా అని చూస్తున్నా ఇన్నేళ్లూ.”

మా అమ్మాయి సోఫాలో పడి దొర్లి దొర్లి నవ్వింది. నేను గడియారానికి మేకు వెతికే పనిలో పడ్డాను.

ఫిబ్రవరి 22

ఆఫీసు. రసీదులమ్మ కౌంటర్లో మామూలుగా ఉంది. “ఎలా అనగలిగారు?” అని అడిగాను.

“అన్నానా మేడమ్? అందరూ అంటున్నారు, నేనన్నానని. నాకైతే గుర్తు లేదు. పాపం ఆయన చేతులు వణుకుతుంటే చూడలేకపోయాను, అంతే. మా చిన్నోడికి జ్వరమొస్తే అలాగే వణుకుతాడు.”

అప్పుడే పెద్దసారు అటు వచ్చారు. ఆవిడ లేచి నిలబడింది. “నమస్కారం సార్. మీరు పిలిపిస్తే నేనే వచ్చేదాన్ని కదా.”

ఆయన ఏదో అనబోయి, “కూర్చోండి” అని వెళ్లిపోయారు. మొన్నటిదాకా “కూర్చోమ్మా” అనేవారు. ఇది పైకి వెళ్లడమో కిందికి దిగడమో ఆవిడకి తేలక, చాలాసేపు నిలబడే ఉంది.

నేర్చుకున్నదేమిటో రాద్దామని కూర్చున్నాను. ‘నువ్వు’ అనేది ధైర్యంతో వచ్చే మాట అనుకుని ముప్పై రెండు పేజీలు రాశాను. అది జాలితో వచ్చింది. లేక జాలి కాదేమో, ఇంకేదో. నేను ఎదురుగా నిలబడి చూశాను, అయినా చెప్పలేను.

ఫిబ్రవరి 24

పొద్దున దుకాణం తెరిచేముందు మా ఆయన టీ తాగుతుంటే అడిగేశాను. ఎలా అడగాలో నాలుగు రోజులు ఆలోచించి, ఆఖరికి ఆలోచించకుండా అడిగాను.

“అత్తయ్య పోట్లాట అనుకున్నారట. మరి మీరేమనుకున్నారు?”

ఏమిటని అడగలేదు. నేనెప్పుడడుగుతానా అని చూస్తున్నట్టే కప్పు దించారు.

“ఆ రోజు ‘తీసుకోండి’ అన్నావు. ఎవరైనా వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూశా. ఎవరూ లేరు. సరే, ఏదో వేషం మొదలుపెట్టావు, రెండు రోజుల్లో నవ్వేస్తావనుకున్నా.”

“నవ్వలేదుగా.”

“నవ్వలేదు. బాగా చేస్తున్నావు కూడా. మధ్యలో కదిపితే నీకు చిరాకు కదా అని ఊరుకున్నా.”

“పంతొమ్మిదేళ్లా?”

“మరి ఆపేస్తావేమోనని చూస్తూ ఉన్నా. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు అదీ నువ్వే అనిపిస్తుంది.”

“నచ్చలేదా?”

“అలా అన్నానా? నచ్చిందో లేదో కూడా మర్చిపోయా.” కప్పు అడుగు చూస్తూ, “నిన్ను చూసి మొదట్లో కొంచెం భయమేసేది. ఎవరో పరాయి మనిషి ఇంట్లో ఉన్నట్టు,” అన్నారు. తర్వాత ఇంకాస్త టీ ఉందా అని అడిగారు.

ఉంది. పోశాను. కప్పు చేతికిచ్చేటప్పుడు ఏదో ఒకటి అనాలి. “తీసుకో” అనాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే అది ఫ్రిజ్జు ముందు సాధన చేసినట్టే వస్తుందనిపించింది. పంతొమ్మిదేళ్ల అలవాటుగా “తీసుకోండి” అంటే, ఇప్పుడు తెలిసి వేషం వేసినట్టు అవుతుంది. ఏమీ అనకుండా ఇచ్చాను. ఆయన తీసుకున్నారు. ఇద్దరం కప్పు వైపే చూశాం. తర్వాత ఎందుకో ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఎవరూ చెప్పలేదన్నమాట. అత్తయ్య చెప్పలేదు, ఆయన అడగలేదు. నా అంతట నేనే మొదలుపెట్టాను. ఆ పొద్దున నేనేమనుకున్నానో ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు.

కాలేజీలో “ఒరేయ్” అని మీదికి వెళ్లిన అమ్మాయి నేనా, లేక ఆ వయసులో అందరూ అలా ఉంటారని నేను వేసిన వేషమా? ఈ ఇంట్లో “మీరు” అనే ఈ మనిషి వేషమా, లేక వేషాలన్నీ అయిపోయాక మిగిలిన నేనా? రెండింట్లో ఏది నిజమో నాకు తెలియదు. తెలిస్తే రేపు పొద్దున టీ ఇస్తూ ఏమనాలో కూడా తెలిసేది. తెలియదు.